జాంబీ సినిమాలు ఎందుకంత భయపెడతాయి: తెలిసిన ముఖం, గుర్తుపట్టని చూపు

మీరు అడిగింది ముందు నా మాటల్లో చెప్పుకుంటాను. సరిగ్గా అర్థం చేసుకున్నానో లేదో మీకూ తెలుస్తుంది. దెయ్యాల సినిమాలు అర్ధరాత్రి ఒక్కరే కూర్చుని చూసేస్తారు. జాంబీ (చచ్చి లేచి, బతికున్నవాళ్లను కరిచి తనలా మార్చేసే శవం) సినిమా మాత్రం సగంలో ఆపేశారు. ఊరు ఊరంతా కూలిపోతున్నప్పుడు ఆపలేదు, నెత్తురు పారుతున్నప్పుడూ ఆపలేదు. కాటు పడిన కూతురు మంచం మీద లేచి కూర్చుంటే, తల్లి "ఎలా ఉందమ్మా" అంటూ దగ్గరికి వెళ్లే సీనులో ఆపేశారు. ఆ తర్వాత నాలుగు రాత్రులు సరిగ్గా నిద్ర పట్టలేదు. జాంబీలు లేవని తెలుసు, అంత మెల్లగా నడిచేవాటి నుంచి పరుగెత్తి తప్పించుకోవచ్చనీ తెలుసు. అయినా ఎందుకింత భయం, నాలో ఏదైనా లోపం ఉందా, ఇక ఇలాంటివి చూడటం మానేయాలా అని అడిగారు.

లోపం ఏమీ లేదు. ఇరవై రెండేళ్లుగా సైకాలజిస్టుగా పని చేస్తున్నాను. నా దగ్గరికి వచ్చేవాళ్లలో భయాలతో వచ్చేవాళ్లే ఎక్కువ. జాంబీ సినిమా గురించి చెప్పేటప్పుడు వాళ్లలో చాలామంది గుంపుల గురించి, పేగుల గురించి మాట్లాడరు. ఒక ముఖం గురించి మాట్లాడతారు. మీరు సినిమా ఆపేసిన చోటే జవాబు కూడా ఉంది. మనకు ప్రాణంలాంటి మనిషి ముఖం అలాగే ఉండి, ఆ కళ్లు మనవైపే చూస్తూ, మనల్ని గుర్తుపట్టకపోవడం. జాంబీ కథలో మిగతా భయాలన్నీ దీని చుట్టూ అల్లుకున్నవే అని నా నమ్మకం. అయితే ఆ మిగతావీ చిన్నవి కావు కాబట్టి వాటి నుంచే మొదలుపెడతాను.

ముందు నడక సంగతి. స్వీడన్‌కు చెందిన గున్నార్ యోహాన్సన్ అనే శాస్త్రవేత్త 1973లో ఒక ప్రయోగం ప్రచురించాడు. మనుషుల కీళ్ల దగ్గర చిన్న వెలుగు చుక్కలు అమర్చి, చీకట్లో నడిపించి, ఆ చుక్కలు మాత్రమే కనిపించేలా చిత్రీకరించాడు. కదలనంతసేపూ అవి అర్థం పర్థం లేని చుక్కలే. కదిలాయంటే చాలు, సెకను తిరగకముందే చూసేవాళ్లకి "మనిషి నడుస్తున్నాడు" అని తెలిసిపోయింది. మన మెదడు నడకను అంత తొందరగా చదువుతుంది. వీధి చివర ముఖం కూడా కనపడనంత దూరంలో వస్తున్నది మన అన్నయ్యో, పక్కింటి ఆయనో నడకని బట్టే పోల్చుకుంటాం. జాంబీ నడక సరిగ్గా ఇక్కడే దెబ్బ కొడుతుంది. అది మనిషి నడకే, కానీ మనిషి లయ అందులో ఉండదు. ఒక కాలు ఈడ్చుకుంటూ వస్తుంది, చేతులు అడుగుకు తగ్గట్టు ఊగవు, మెడ ఒకవైపు వాలిపోయి అలాగే ఉండిపోతుంది. "మనిషే" అని ఒక కబురు, "ఏదో తేడాగా ఉంది" అని ఇంకో కబురు ఒకేసారి అందుతాయి. మెదడు ఏదీ తేల్చుకోలేదు. ఒళ్లు గగుర్పొడవడం అంటే చాలావరకు ఈ తేల్చుకోలేకపోవడమే.

జార్జ్ రొమెరో 1968లో తీసిన 'నైట్ ఆఫ్ ది లివింగ్ డెడ్'లో మొట్టమొదటి జాంబీ ఎలా వస్తుందో చూడండి. ఇంకా వెలుతురు ఉంది. తోబుట్టువులిద్దరు తండ్రి సమాధి దగ్గరికి వచ్చారు. వెనక దూరంగా, సూటు వేసుకున్న పొడుగాటి మనిషి ఒకడు సమాధుల మధ్య మెల్లగా నడుస్తుంటాడు. భయపెట్టే సంగీతం కన్నా ముందే అతను కనిపిస్తాడు, ఎవరో పెద్దాయన అనుకుంటాం. అన్న ఆ మనిషిని చూపించి చెల్లెల్ని ఆటపట్టిస్తాడు. అతనికి వినబడిందేమో, పాపం నొచ్చుకుంటాడేమో అని ఆ అమ్మాయి మొహమాటపడుతుంది. ఆ మొహమాటంతోనే అతనికి దగ్గరవుతుంది. అప్పుడు పట్టుకుంటాడు. మనం రోజూ ఎదుటి మనిషికి ఇచ్చే కనీస మర్యాదే ఆమెకు ప్రమాదం తెచ్చింది. ఆ సీను చూసిన ప్రతిసారీ నాకు మొదటిసారి చూసినట్టే ఉంటుంది.

జపాన్‌లో రోబోలు తయారుచేసే మసహీరో మోరి 1970లోనే ఒక వ్యాసంలో దీనికి ఒక బొమ్మ గీసి చూపించాడు. మరబొమ్మ మనిషి పోలికలకు దగ్గరవుతున్నకొద్దీ మనకు దానిమీద ఇష్టం పెరుగుతుంది. దాదాపు మనిషిలాగే అయిపోయి, ఇంకా పూర్తిగా కాని చోట, ఆ ఇష్టం ఒక్కసారిగా గోతిలో పడిపోతుంది. ఆ గోతిలో ఆయన శవాన్ని పెట్టాడు. కదలిక తోడైతే ఆ గొయ్యి ఇంకా లోతవుతుందన్నాడు. కదిలే శవం అంటే ఆ గోతి అడుగు అన్నమాట.

శబ్దం గురించి ఒక్క మాట చెప్పి ముందుకు వెళ్తాను. ఇంకోసారి చూసేటప్పుడు రెండు నిమిషాలు సౌండ్ పూర్తిగా తీసేసి చూడండి. భయం సగానికి పడిపోతుంది. గొంతు చీరుకుపోయినట్టు, గరగరలాడుతూ వచ్చే కేకలు జంతువులు ప్రాణభయంలో పెట్టే అరుపుల జాతివి. మన చెవి వాటిని సంగీతంలా వినలేదు, హెచ్చరికలా వింటుంది.

ఇక కాటు. ఇది భయం కన్నా ఏవగింపుకు దగ్గరి సంగతి. ఈ రెండూ ఒకటి కావు. భయం వేస్తే పారిపోతాం, ఏవగింపు కలిగితే తాకకుండా దూరం జరుగుతాం. అమెరికాలో పాల్ రోజిన్, ఆయన తోటివాళ్లు 1986లో ప్రచురించిన ప్రయోగం మీకు చెప్పాలి. పూర్తిగా క్రిమిరహితం చేసిన చచ్చిన బొద్దింకను జ్యూసులో ముంచి తీశారు. అందులో సూక్ష్మజీవి ఒక్కటీ లేదని అందరికీ తెలుసు. అయినా ఆ జ్యూసు తాగడానికి మనసు ఒప్పలేదు. ఒకసారి తగిలిందంటే ఆ మైల ఇక పోదు అని మనసు లోపల ఏదో మూల గట్టిగా నమ్ముతుంది. జాంబీ కాటు ఈ నమ్మకాన్నే కథగా మార్చింది. ఒక్క పంటి గాటు చాలు, లోపల మొత్తం మారిపోతుంది.

దీనికి లోకంలో నిజమైన పోలిక కూడా ఉంది, రేబీస్. పిచ్చికుక్క కరిస్తే లాలాజలంలోని వైరస్ నరాల వెంట మెల్లగా మెదడుకు చేరుతుంది. దానికి వారాలు పట్టొచ్చు, నెలలు పట్టొచ్చు. లక్షణాలు మొదలైతే ఇక బతకడం దాదాపు అసాధ్యం. పరిచయమైన జంతువు ఒక్కసారిగా పరాయిదైపోయి మీదపడి కరవడం, కాటు పడినవాళ్లకీ అదే గతి పట్టడం మనిషి వేల ఏళ్లుగా కళ్లారా చూస్తూ వచ్చిన భయం. (సినిమా పక్కన పెట్టి ఒక మాట: నిజ జీవితంలో కాటుకీ లక్షణాలకీ మధ్య ఉన్న ఆ వ్యవధే ప్రాణం నిలబెడుతుంది. కుక్క కరిస్తే గాయాన్ని పదిహేను నిమిషాలు సబ్బుతో, ధారగా పోసే నీళ్లతో కడిగి, వెంటనే ఆసుపత్రికి వెళ్లి టీకా వేయించుకోవాలి. రేపు చూద్దాంలే అనుకోకండి.)

సినిమా ఆ వ్యవధిని తిరగేసి వాడుకుంటుంది. కాటు పడినవాడు చొక్కా చెయ్యి మణికట్టు దాకా లాక్కుని మిగతావాళ్ల మధ్య కూర్చుంటాడు. చెమటలు పడుతుంటాయి. పక్కనున్న భార్య నీళ్లిస్తే కుడిచేత్తో అందుకుంటాడు, ఎడమచెయ్యి బయటికి తీయడు. మనకు తెలుసు, ఆమెకు తెలియదు. ఇక్కడ మనం రెండు వైపుల నుంచీ భయపడతాం. ఆమె స్థానంలో ఉంటే, నాకు ఇంతగా కావలసిన మనిషే నా దగ్గర దాస్తున్నాడేమో అని. అతని స్థానంలో ఉంటే, నేనైతే చెప్పేవాణ్ణా అని. రెండో ప్రశ్నకు చాలామంది దగ్గర సిద్ధంగా జవాబు ఉండదు. అది సినిమా అయిపోయాక కూడా లోపల తిరుగుతూనే ఉంటుంది.

ఈ 'నేనే అలా అయిపోతే' అన్న భయం జాంబీ పుట్టుకలోనే ఉంది. చాలామందికి తెలియని చరిత్ర ఇది, కొంచెం నెమ్మదిగా చెప్పనివ్వండి. ఇప్పటి హైతీ ఒకప్పుడు ఫ్రాన్స్ చేతిలో ఉన్న సెయింట్ డొమింగ్ అనే వలస రాజ్యం. చెరకు, కాఫీ తోటలతో ఫ్రాన్స్‌కు కాసులు కురిపించిన నేల అది. 1789 నాటికి అక్కడ సుమారు 5 లక్షల మంది ఆఫ్రికన్లు బానిసలుగా ఉండేవాళ్లు. తోటల్లో ప్రాణాలు ఎంత తొందరగా రాలిపోయేవంటే, ఓడల మీద కొత్తవాళ్లను తెస్తూనే ఉండాల్సి వచ్చేది. ఆ బతుకులో వాళ్లకు మిగిలిన ఒకే ఒక్క ఆశ, చచ్చిపోతే ఆత్మ సముద్రం దాటి తమ పూర్వీకుల నేలకు చేరుతుందని. అలాంటి జనం ఊహించుకోగలిగిన అన్నిటికన్నా ఘోరమైన సంగతి ఏమిటి? చచ్చినా విడుదల లేకపోవడం. మాంత్రికుడెవడో సమాధిలోంచి శరీరాన్ని లేపి, మనసు లాగేసి, మళ్లీ అదే పొలంలో పనికి దించడం. ఆ మనిషే జాంబీ. అక్కడి జానపద నమ్మకంలో జాంబీ ఎవరినీ తినదు, ఎవరినీ తరమదు. తలవంచుకుని పని చేస్తుంది, అంతే. ఉప్పు రుచి చూపిస్తే మాత్రం దానికి తెలివి వచ్చి, తానెవరో గుర్తొచ్చి, తిరిగి తన సమాధి దగ్గరికి వెళ్లిపోతుందని చెప్పుకునేవాళ్లు. అక్కడి జనం జాంబీని చూసి భయపడేవాళ్లు కారు, జాంబీ అయిపోతామేమోనని భయపడేవాళ్లు.

1791లో మొదలైన తిరుగుబాటుతో ఆ బానిసలే ఫ్రెంచి సేనల్ని ఓడించి, 1804 జనవరి 1న స్వతంత్రం ప్రకటించుకున్నారు. తర్వాత 1915 నుంచి 1934 దాకా ఆ దేశం అమెరికా సైన్యం అధీనంలో ఉంది. రోడ్లు వేయడానికి జనాన్ని పట్టుకొచ్చి వెట్టిచాకిరీ చేయించారు. అక్కడి నమ్మకాల మీద విలియం సీబ్రూక్ రాసిన పుస్తకం 1929లో వచ్చింది, దాంతో జాంబీ అన్న మాట అమెరికా జనం నోళ్లలో పడింది. 1932లో 'వైట్ జాంబీ' అనే సినిమా వచ్చింది. అందులో చక్కెర మిల్లు సీను ఒకటి ఉంది. గాజుకళ్ల కూలీలు చెరకు బుట్టలు తలకెత్తుకుని వరసగా నడుస్తూ పెద్ద గానుగలో కుమ్మరిస్తుంటారు. ఒకడు కాలు తడబడి ఆ గానుగలోనే పడిపోతాడు. కేక ఉండదు. మిగతావాళ్లెవరూ తల తిప్పరు. చక్రం కిర్రుమంటూ తిరుగుతూనే ఉంటుంది. నెత్తురు చుక్క కూడా చూపించరు. బానిసత్వం అంటే ఏమిటో ఇంత తక్కువలో చెప్పిన సీను నేను ఇంకోటి చూడలేదు.

మన శరీరం మన మాట వినకుండా ఇంకెవరి పనో చేయడం అన్నది ప్రకృతిలో కూడా ఉంది. అడవుల్లో కొన్ని జాతుల చీమలకు సోకే ఒక బూజు ఉంది. అది సోకిన చీమ పుట్ట వదిలి, మొక్క ఎక్కి, ఆకు ఈనెను దవడలతో గట్టిగా కరిచి పట్టుకుని అక్కడే చచ్చిపోతుంది. తర్వాత దాని తల దగ్గర్నుంచి బూజు కాడ మొలుస్తుంది. 2017లో పరిశోధకులు అలాంటి చీమల్ని సూక్ష్మంగా పరిశీలిస్తే, బూజు కండరాల చుట్టూ అల్లుకుపోయింది కానీ మెదడులోకి చొరబడలేదని తేలింది. ఇది మనుషులకు సోకదు, ఆ బెంగ అక్కర్లేదు. కానీ ఆ చీమ సంగతి చదివిన రోజు నేను చాలాసేపు పుస్తకం మూసి కూర్చున్నాను.

జాంబీని మనం ఇవాళ చూసే రూపంలోకి మార్చింది మళ్లీ రొమెరోనే. యజమాని లేడు, మంత్రం లేదు. చచ్చినవాళ్లు లేస్తారు, బతికున్నవాళ్లను తింటారు. 'నైట్ ఆఫ్ ది లివింగ్ డెడ్'లో జాంబీ అన్న మాట ఒక్కసారి కూడా వినబడదు. చాలా తక్కువ డబ్బుతో, నలుపు తెలుపుల్లో తీశారు. తెర మీద నెత్తురుగా కనబడేది చాక్లెట్ సిరప్. ఇది తెలిశాక మామూలుగా భయం తగ్గాలి. నేలమాళిగ సీను దగ్గర మాత్రం తగ్గదు. కాటు పడిన చిన్నపిల్లను అక్కడ బల్ల మీద పడుకోబెట్టి ఉంటారు. కాసేపటికి తల్లి మెట్లు దిగి వస్తుంది. పాప లేచి ఉంటుంది. ఏం జరిగిందో తల్లి కళ్ల ముందే ఉంది, పారిపోయే వీలూ ఉంది. ఆమె పారిపోదు. పాప తాపీ పట్టుకుని దగ్గరికి వస్తుంటే వెనక్కి తగ్గుతూ తగ్గుతూ పడిపోతుంది. బిడ్డ మీద చెయ్యెత్తలేకపోతుంది.

మీరు ఆపేసిన సీను దీని బిడ్డే. కాబట్టి ఇక్కడ కాసేపు ఆగుతాను.

ఒక మనిషిని చూడగానే మనలో రెండు పనులు జరుగుతాయి. ఒకటి, ఆ ముఖం ఎవరిదో పోల్చుకోవడం. రెండు, ఆ ముఖాన్ని చూడగానే లోపల ఏదో మెత్తగా కదలడం, మనవాళ్లు అనిపించడం. రెండూ కలిసే జరుగుతాయి కాబట్టి వేర్వేరని మనకు తెలియదు. కాప్‌గ్రా అనే ఫ్రెంచి వైద్యుడు 1923లో వివరించిన ఒక జబ్బులో ఈ రెండూ విడిపోతాయి. రోగి తన భార్య ముఖాన్ని చక్కగా పోల్చుకుంటాడు, కానీ "ఈవిడ నా భార్య కాదు, ఎవరో ఆమెలా వేషం వేసుకుని వచ్చారు" అంటాడు. తెలిసిన ముఖం చూసినప్పుడు మామూలుగా చర్మంలో కలిగే చిన్న స్పందన కూడా ఇలాంటివాళ్లలో కనిపించదని తర్వాత పరిశోధనల్లో తేలింది. జాంబీ సీను ఆరోగ్యంగా ఉన్న మనల్ని ఒక నిమిషం పాటు దీన్ని తిరగేసినట్టుండే చోట నిలబెడుతుంది. మనలో ఆప్యాయత కదులుతూనే ఉంటుంది, ఎదుటి మనిషిలో దానికి బదులు రాదు.

దెయ్యానికి మీరు ఎందుకు భయపడరో కూడా ఇక్కడే తెలుస్తుంది. దెయ్యానికి ఒక కోరిక ఉంటుంది, ఒక పగ ఉంటుంది. దానికి మీరెవరో తెలుసు. ఏం కావాలో తెలుసుకుంటే శాంతింపజేయొచ్చు, కనీసం బతిమాలుకోవచ్చు. చనిపోయినవాళ్లు మనల్ని మర్చిపోలేదన్న ఊరట కూడా దెయ్యం కథల్లో ఎక్కడో ఉంటుంది. జాంబీ దగ్గర బతిమాలడానికి అవతల ఎవరూ లేరు.

కొన్నేళ్ల కిందట ఒక మహిళ నా దగ్గరికి వచ్చారు. ఎవరో తెలియకుండా వివరాలు మార్చి చెబుతున్నాను. నలభై దాటిన మనిషి, మంచి ఉద్యోగం. పిల్లలతో కలిసి జాంబీ సినిమా చూస్తూ ఉన్నట్టుండి ఊపిరాడక లేచి బయటికి వెళ్లిపోయారు. మాట్లాడుతూ మాట్లాడుతూ ఆవిడ తన తండ్రి దగ్గరికి వచ్చారు. ఆయనకు డిమెన్షియా. ఒకరోజు పొద్దున ఆవిడ ఆయనకు చొక్కా గుండీలు పెడుతుంటే, ఆయన ఆవిడ ముఖంలోకి చాలాసేపు చూసి, ఎంతో మర్యాదగా, "మీరెవరండీ?" అన్నారట. ఆవిడ మిగిలిన రెండు గుండీలూ పెట్టేసి, బాత్రూంలోకి వెళ్లి కొళాయి తిప్పుకుని ఏడ్చారు. ఆ తర్వాత ఆరు నెలలు దాని గురించి ఎవరితోనూ మాట్లాడలేదు. సినిమాలో కొడుకు తండ్రిని పేరు పెట్టి పిలుస్తూ, అవతలి నుంచి ఆ ఖాళీ చూపు వస్తుంటే, ఆవిడకు ఆ గుండీలు గుర్తొచ్చాయి.

ఒక్కటి గట్టిగా చెప్పాలి. డిమెన్షియా ఉన్నవాళ్లు జాంబీలు కారు. ఆ మాట వాళ్లకు ఎప్పుడూ, సరదాకైనా వాడకండి. వాళ్లు లోపల ఉన్నారు. పేరు మర్చిపోయినా చేతి స్పర్శ తెలుస్తుంది, పాత పాట వింటే పెదవులు కదులుతాయి. జాంబీ సినిమా చెప్పే అబద్ధం ఇదే, గుర్తుపట్టడం పోతే మనిషే పోయినట్టని. ఆ అబద్ధం అంత బలంగా తగలడానికి కారణం మనలో ప్రతి ఒక్కరికీ ఆ భయం ఉండటమే.

2002లో డానీ బాయిల్ తీసిన '28 డేస్ లేటర్' తర్వాత పరుగెత్తే జాంబీలు బాగా పెరిగాయి. అవి వేరే భయం. గుండె దడదడలాడుతుంది, సినిమా అయ్యాక నీళ్లు తాగితే తగ్గిపోతుంది. నెమ్మదిగా వచ్చేవే నాకు ఎక్కువ ప్రమాదం అనిపిస్తాయి, ఎందుకంటే అవి వచ్చేలోపు ముఖం చూడటానికి టైము ఉంటుంది.

మరి కొందరు వీటిని ఎందుకంత ఇష్టంగా చూస్తారు అన్నది మీరు అడగలేదు కానీ, మానేయాలా అన్న మీ ప్రశ్నకు అది అవసరం. కోల్టన్ స్క్రివ్నర్ అనే పరిశోధకుడు, ఆయన తోటివాళ్లు కోవిడ్ మొదటి నెలల్లో ఒక సర్వే చేసి 2021లో ప్రచురించారు. భయానక సినిమాలు ఇష్టపడేవాళ్లలో ఆ రోజుల్లో మానసిక ఆందోళన కాస్త తక్కువగా కనిపించింది. జాంబీలు, లోకం అంతమైపోవడం లాంటి కథల అభిమానులు, వచ్చిన పరిస్థితికి తాము కొంత సిద్ధంగానే ఉన్నామన్నారు. సినిమాలే దానికి కారణమని ఆ ఒక్క సర్వేతో చెప్పలేం. అయితే భయాన్ని సురక్షితమైన చోట కూర్చుని కొంచెం కొంచెంగా రుచి చూడటం ఒక సాధన అన్న మాట నా అనుభవానికి సరిపోతుంది. ఒకటే షరతు, కొలత మన చేతిలో ఉండాలి. స్నేహితులు బలవంతపెట్టారని చూడకండి. ఇంట్లో చిన్నపిల్లలుంటే ఇంకా జాగ్రత్త. ఏడెనిమిదేళ్లలోపు పిల్లల్ని రూపమే భయపెడుతుంది, "అది మేకప్ నాన్నా" అన్నా వాళ్లకు పెద్దగా పనిచేయదు. పదేళ్లు దాటినవాళ్లను "ఇలా నిజంగా జరిగితే?" అన్న ఆలోచన పట్టుకుంటుంది, వాళ్లతో మాట్లాడాలి.

మీ విషయానికి వస్తే, ఆ సినిమా మళ్లీ చూడమనే చెబుతాను, ఇష్టమైతేనే. భయం బాగా పైకెక్కినప్పుడు ఆపేస్తే మనసుకు చివరిగా మిగిలేది ఆ సీనే. రాత్రుళ్లు అదే తిరిగి తిరిగి వస్తుంది. పగటిపూట, గదిలో వెలుతురు ఉండగా, సౌండ్ తగ్గించి, దగ్గరివాళ్లు ఒకరిని పక్కన కూర్చోబెట్టుకోండి. ఆపిన చోటికి పది నిమిషాల ముందు నుంచి మొదలుపెట్టి ఆ సీను దాటేదాకా చూడండి. ఆ తల్లి దగ్గరికి వచ్చేసరికి గుండె వేగం పెరుగుతుంది, పెరగనివ్వండి, కాసేపట్లో అదే దిగుతుంది. తర్వాత పక్కనున్నవాళ్లతో మాట్లాడండి, ఆ కూతురి ముఖంలో మీకు ఎవరు కనిపించారో వాళ్లకు చెప్పండి. ఇన్ని చేసినా రెండు మూడు వారాల తర్వాత కూడా నిద్ర కుదరకపోతే, లేదా సినిమాతో సంబంధం లేని వేళల్లో కూడా ఆ దృశ్యం మీదపడుతుంటే, దగ్గరలో ఉన్న సైకాలజిస్టును కలవండి. మొదటి రోజే జాంబీల గురించి చెప్పడానికి సిగ్గుపడకండి, మేము దాన్ని తేలిగ్గా తీసుకోం.